రంగు ఎవరు ఎంచాలి?

మా సంఘంలో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. తిరుపతి ఊరి చివర ఒక అద్దె గదిలో, ఇరవైమంది ఆడవాళ్ళకు క్రోషియా అల్లిక నేర్పిస్తున్నాం. సూదులు, దారం ఉండలు, తలా ఒక జిరాక్సు కాగితం ఇచ్చాం. ఆ కాగితం మీద గుండ్రటి బల్లగుడ్డ బొమ్మ, దాని చుట్టూ పూలు. ఏ దేశపు పుస్తకం నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో గాని గళ్ళు కూడా సరిగ్గా కనబడడంలేదు. అందరూ శ్రద్ధగా లెక్కపెట్టుకుంటూ అల్లుతున్నారు. ఒకామె, యాభై దాటిన మనిషి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి అడిగింది: "ఇది ఏం పువ్వుక్కా?"

నేర్పించే అమ్మాయికి తెలియదు. నాకూ తెలియదు. "ఏదో ఒక పువ్వులేమ్మా, గళ్ళు లెక్కపెట్టి అల్లు" అన్నాను.

"మా ఇంటి ముందర రోజూ ఏసే ముగ్గులో పూలకైతే పేర్లుండాయి" అని మళ్ళీ సూది పట్టుకుంది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. రోజూ తెల్లారుజామున కాగితం లేకుండా, కొలబద్ద లేకుండా, పదిహేను చుక్కలు పెట్టి తప్పు లేకుండా కలిపే మనిషికి, పేరు తెలియని పువ్వును మసక కాగితం మీద ఇచ్చి "డిజైను" నేర్పిస్తున్నామన్నమాట. పైగా ఆ శిక్షణకు "నైపుణ్యాభివృద్ధి" అని రిపోర్టు రాసి పంపిస్తున్నాం.

స్త్రీల ఉపాధి గురించి మాట్లాడుకునేటప్పుడు మనం కూలి గురించి మాట్లాడతాం, అప్పు గురించి, మార్కెట్టు గురించి, దళారి గురించి మాట్లాడతాం. ఇవన్నీ మాట్లాడుకోవలసినవే. అయితే ఒక విషయం దగ్గర మాత్రం అందరం మౌనంగా దాటిపోతాం. వస్తువు ఎలా ఉండాలి, దానికి ఏ రంగు పడాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? చేతిపనిలో ఎక్కువ డబ్బు పలికేది అక్కడే. సరిగ్గా ఆ భాగమే ఆడవాళ్ళ చేతిలో ఉండదు. చేతులు వాళ్ళవి, కళ్ళు వాళ్ళవి, నిర్ణయం ఇంకొకరిది.

ఇది కొత్త సంగతేమీ కాదు. పశ్చిమ గోదావరి నరసాపురం ప్రాంతపు లేసు మన కళ్ళ ముందున్న ఉదాహరణ. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియా అల్లిక అక్కడ వేలాది ఇళ్ళలోకి పాకింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఆ స్త్రీల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. మనలో చాలామందికి అది స్త్రీల శ్రమ గురించి పాఠ్యపుస్తకం లాంటిది. రోజంతా అల్లినా వాళ్ళను కార్మికులని ఎవరూ అనలేదు, "ఇంట్లో తీరిక వేళ చేసుకునే పని" అన్నారు అని ఆమె చూపించింది. ఆ మాట మనం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. మనం అంతగా పట్టించుకోనిది అందులో ఇంకొకటి ఉంది. పనిని ముక్కలు చేశారు. ఒకరు పువ్వు అల్లుతారు, ఇంకొకరు అతుకుతారు. పువ్వు అల్లిన ఆమెకు మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో తెలియనవసరం లేదు. అది ఏ దేశంలో, ఎవరి బల్ల మీద పరుస్తారో అంతకన్నా తెలియనవసరం లేదు. మొత్తం బొమ్మ చూడగలిగిన వాడి చేతిలో వ్యాపారం ఉంది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది.

ఇక మన వైపు చూద్దాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సన్నని నూలు చీర మీద జాందానీ బుటా, నెమలి, చిలక, మామిడిపిందె. ఆ బుటా వేయడమంటే పేక దారంతో పాటు రంగు దారాన్ని వేళ్ళతో ఎక్కడికక్కడ దూర్చడం. మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలు. ఈ ఊళ్ళలో ఏ ఇంటికి వెళ్ళినా మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కనిపిస్తాడు. పక్కన కండెలు చుడుతున్న మనిషి కనిపించదు, ఎందుకంటే ఆమె చుడుతూనే మధ్యలో లేచి పొయ్యి చూసి వస్తుంది. కండె చుట్టడం, తెగిన పోగులు అతకడం, పడుగు తయారుచేయడంలో సగం పని ఆమెది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద నేసేవాళ్ళలో నూటికి డెబ్భైమందికి పైగా ఆడవాళ్ళేనని తేలింది. అయినా "నేతన్న" అనే మాటే గాని "నేతమ్మ" అనే మాట ఎక్కడా వినబడదు. 2019లో మన రాష్ట్రంలో మొదలైన నేతన్న నేస్తం పథకం కింద ఏడాదికి 24 వేలు ఇచ్చింది సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. మగ్గం లేకుండా కండెలు చుట్టి బతికే ఆడమనిషి ఆ లెక్కలోకి రాదు.

రంగుల విషయానికి వస్తే ఈ అన్యాయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. పట్టుచీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెడితే గుడ్డ కదిలినప్పుడల్లా మెరుపు మారుతుంది. నీలం మీద ఆకుపచ్చ పోతే నెమలికంఠం. ఏ పోగు మీద ఏ పోగు పడితే ఏం వస్తుందో కండె చుట్టే ఆమెకు చేతికి తెలుసు. రోజూ ఆ రెండు రంగులూ ఆమె వేళ్ళ మధ్యనుంచే పోతాయి. అయినా మాస్టర్ వీవర్ రంగుల చీటీ ఆమెను అడిగి రాయడు.

మన ఆడవాళ్ళ నోటిలో రంగులకు ఎన్ని పేర్లున్నాయో ఎప్పుడైనా రాసి చూశారా? మేం ఒక మధ్యాహ్నం రాశాం. చిలకపచ్చ, అరిటాకు, వంగపండు, నేరేడుపండు, కనకాంబరం, మిరపపండు, ఉల్లిపొర, తేనె, మామిడిపిందె, నెమలికంఠం. రాస్తూ పోతే పలక నిండింది. వీటిలో ఒక్కటీ బడిలో నేర్చుకున్నది కాదు, చీరల కొట్లో, పొలంలో, వంటింట్లో నేర్చుకున్నవి. దారం కొట్టువాడి షేడుకార్డు మీద మాత్రం అంకెలుంటాయి. ఆర్డరు ఇచ్చేవాళ్ళు అంకె చెబుతారు. అంకె చదవలేని ఆమెకు రంగు తెలియదని మనం అనుకుంటాం.

డిజైను ఎక్కడనుంచి తీసుకోవాలి అని శిక్షణల్లో ఎప్పుడూ అడుగుతుంటారు. పట్నంనుంచి పుస్తకం తెప్పించమంటారు. నా అభిప్రాయం, ముందు గడప దిగి వాకిట్లో చూడాలి. మేం చేసి చూసింది చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పని చేసే మిగతా సంఘాలకు ఉపయోగపడవచ్చు.

చుక్కల ముగ్గుల్లో సరిచుక్క, సందుచుక్క అని రెండు రకాలున్నాయి కదా. సరిచుక్కలో చుక్క కింద చుక్క వస్తుంది. అది చదరపు గళ్ళ లెక్క. క్రోషియాలో గళ్ళ అల్లిక ఉంది, ఒక గడి నింపి ఒక గడి ఖాళీగా వదిలే పని. సరిచుక్క ముగ్గు దాని మీదికి ఉన్నదున్నట్టు దిగుతుంది. గళ్ళ కాగితం కూడా అక్కర్లేదు, ముగ్గు వేసిన మనిషికి లెక్క నోటికి వస్తుంది. సందుచుక్క వేరు. 15 చుక్కలు పెట్టి సందుచుక్క 8 వచ్చేదాకా అంటే ఏమొస్తుంది? ఆరు పలకల ఆకారం వస్తుంది. అల్లికలో ఆరు పలకల ముక్కలు చేస్తే ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా అతుక్కుంటాయి. పరుపుగుడ్డ అంత పెద్దది కావాలన్నా ముక్కలు కలుపుకుంటూ పోవచ్చు. చుక్కల చుట్టూ మెలికలు తిరిగే ముగ్గు మాత్రం గళ్ళలో పడదు, బలవంతం చేస్తే పాడైపోతుంది. దానికి సన్నటి గొలుసు అల్లి గుడ్డ మీద మెలికగా పెట్టి కుట్టాలి. ఇది కనిపెట్టింది నేను కాదు, శిక్షకురాలూ కాదు. పువ్వు పేరు అడిగిన ఆమే. మూడు రోజులు పట్టింది, మూడు సార్లు విప్పింది.

రంగు పొత్తు చూడడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పాత క్యాలెండరు అట్ట ముక్క మీద దారాలు పక్కపక్కన చుట్టి చూడాలి. ఎరుపు పది చుట్లు, పసుపు రెండు చుట్లు, నలుపు ఒక చుట్టు. అదే ఎరుపు, పసుపు సమానంగా చుడితే కంటికి కొడుతుంది. పగటి వెలుతురులో ఒకసారి, లైటు కింద ఒకసారి చూడాలి. కొట్లో ట్యూబులైటు కింద బాగున్న వంగపండు రంగు ఎండలోకి వస్తే ఇటుకలా కనబడిన రోజులున్నాయి, డబ్బులు పోయిన రోజులు కూడా.

మరి ఏ రంగులు? తిరుపతి గంగజాతర మనకు పరాయిది కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వారం రోజులు రోజుకొక వేషం. బైరాగి వేషానికి నామంకొమ్ము తెలుపు, బండవేషానికి కుంకుమ ఎరుపు, తోటివేషానికి బొగ్గు నలుపు, వాటితో వేపాకు పచ్చ. నాలుగు రంగులు, నాలుగూ చేతికి అందేవి, దూరంనుంచి చూసినా కనబడేవి. మా వాళ్ళు అల్లిన తోరణాల్లో జనం ఆగి చూసింది ఈ నాలుగు రంగుల దాన్నే. ఇందులో ఇంకో మాట కూడా చెప్పాలి. జాతరలో ఆడవేషం కట్టేది మగవాళ్ళు. రంగు పూసుకుని వీధుల్లో తిరిగే స్వేచ్ఛ వాళ్ళది, ఇంట్లో అంబలి కాచేది ఆడవాళ్ళు. అందుకని సంప్రదాయం దగ్గరకు స్ఫూర్తి కోసం వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకుని వెళ్ళకూడదంటాను.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతీ అంతే. 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఆ పని ఈపాటికి మ్యూజియంలో మాత్రమే ఉండేది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, ఇనుపతుక్కు బెల్లం కలిపి పులియబెట్టిన నలుపు, పటిక పెట్టి తెప్పించే ఎరుపు, దానిమ్మ తొక్క పసుపు, నీలిమందు. ఈ రంగుల పక్కన ఏ రంగు పెట్టినా గొడవపడదు. మా దారాలకు ఆ పొత్తు తీసుకున్నాం. కానీ ఆ గుడ్డల మీద బొమ్మలు చూడండి. రామాయణం, భారతం, సీత అగ్నిలో దూకడం, ద్రౌపది చీర లాగడం. ఇవాళ కాళహస్తిలో ఎంతోమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆ బొమ్మలకు రంగు నింపుతున్నారు. గీత గీసేవాడికి ఒక కూలి, రంగు నింపే ఆమెకు ఒక కూలి. సీత చీరకు ఏ రంగు వేయాలో కూడా ఆమెకు చెప్పేవాళ్ళుంటారు. కమలాదేవి నడిపిన హస్తకళల బోర్డును 2020లో రద్దు చేశారు. ఒక్క నిరసన సభ కూడా మనం పెట్టలేదు.

రంగు గురించి ఇంత రాశాక మా గుంపులో ఒకామె సంగతి దాటేసి పోవడం న్యాయం కాదు. భర్త పోయి పద్నాలుగేళ్ళయింది. ఎప్పుడు దారం ఎంచుకోమన్నా బూడిదరంగో తెలుపో తీసుకునేది. మెత్తగా అల్లుతుందని ఆమెకే ఎక్కువ పని ఇచ్చేవాళ్ళం, ఆమె మాత్రం రంగుల దగ్గరకు రాదు. ఒకరోజు గట్టిగా అడిగితే, "నాకు రంగులు ఎంచడం చేతకాదక్కా, మరిచిపోయినా" అంది. పద్నాలుగేళ్ళుగా రంగుచీర కొనుక్కోని మనిషి. పుట్టింటివాళ్ళు పెట్టిన చీరలు కూడా లేతవే. వితంతువులకు పింఛను గురించి మనం ధర్నాలు చేశాం, ఆస్తి హక్కు గురించి మాట్లాడాం. రంగు హక్కు అనే మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాత తర్వాత మిగతావాళ్ళ దారాలకు ఆమే పొత్తు కుదర్చడం మొదలుపెట్టింది, బాగా కుదిర్చింది కూడా. తను కట్టుకునే చీర మాత్రం ఇప్పటికీ మారలేదు. మార్చమని నేను చెప్పలేదు, చెప్పే హక్కు నాకు ఉందనుకోను.

ఎవరి దగ్గరనుంచి తీసుకుంటున్నాం అనే ప్రశ్న కూడా ఉంది. జిల్లాలో పడమటి వైపు తండాల్లో సుగాలీ ఆడవాళ్ళు కుట్టే అద్దాల పని, గవ్వల పని చూసి మా పిల్లలు మురిసిపోయారు. తోరణాల్లో పెడదామన్నారు. పట్నంనుంచి వచ్చిన డిజైనరు మన ముగ్గును తీసుకుపోతే మనకు కోపం వస్తుంది కదా, మరి మనం తండాకు పోయి చేసేదేమిటి? చివరికి తండానుంచి ఇద్దరిని పిలిచి, రోజుకూలి ఇచ్చి నేర్పించమన్నాం. అది చాలదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ కుట్టు ఉన్న ప్రతి వస్తువు మీదా వాళ్ళకు కొంత రావాలి. ఎంత, ఎలా అని లెక్క ఇంకా తేలలేదు.

చట్టం సంగతి కార్యకర్తలు తెలుసుకోవాలి. 1999 భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఆ గుర్తును వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా పేరు నమోదు కావాలి. వెంకటగిరి చీరకూ కాళహస్తి కలంకారీకీ గుర్తింపు ఉంది. మీ ఊళ్ళో నమోదైన పేర్లలో ఆడవాళ్ళవి ఎన్నో వెళ్ళి చూడండి. 2000 డిజైన్ల చట్టం కింద కొత్త డిజైనును నమోదు చేస్తే మొదట పదేళ్ళు, తర్వాత ఇంకో ఐదేళ్ళు రక్షణ. అయితే అది అంతకుముందు బయటపడి ఉండకూడదు. అంటే ప్రదర్శనలో పెట్టి, ఫొటోలు తీయించుకుని, తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే లాభం లేదు. పాత ముగ్గును మాత్రం ఎవరూ తమ పేర రాయించుకోలేరు, వ్యాపారి కూడా. ఎవరైనా అలా బెదిరిస్తే భయపడవలసిన పనిలేదు. చేనేతకు ఉన్న 1985 రిజర్వేషన్ చట్టంలో మొదట 22 రకాలుండేవి, అవి 11కు తగ్గిపోయాయి. నగరి, పుత్తూరు పవర్లూములను తిట్టి ప్రయోజనం లేదు, అక్కడ పనిచేసేదీ మనలాంటి ఆడవాళ్ళే.

రంగుల ఆరోగ్యం గురించి ఒక్క మాట. కొన్ని అజో రంగులు కేన్సరు తెస్తాయని 1990లలో జర్మనీ నిషేధించింది, 1997లో మన ప్రభుత్వమూ నిషేధించింది. ఆ గుడ్డ తొడుక్కునే వాళ్ళ చర్మం గురించి వచ్చినంత కంగారు, ఆ రంగు తొట్టిలో మోచేతులదాకా చేతులు పెట్టే ఆడవాళ్ళ గురించి రాలేదు. చవక దారం కొనేముందు తడిగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే కొనకండి.

"ఇవన్నీ సరేగాని, మాకు కావాల్సింది కూలి గదక్కా, డిజైను కాదు" అని మా గుంపులోనే ఒకమ్మాయి అంది. ఆ మాటకు నా దగ్గర గొప్ప జవాబు లేదు. ముగ్గు తోరణాలు మొదటి విడతలో ముప్పై చేస్తే తొమ్మిది మిగిలిపోయాయి. కొండకు వచ్చే యాత్రికులు చవకది అడుగుతారు, మిషను లేసు తోరణం మాదానిలో మూడోవంతు ధరకు వస్తుంది. ఒక ఎగుమతి వ్యాపారి మా నమూనాలు రెండు "చూసి ఇస్తాను" అని తీసుకుపోయాడు. తిరిగి రాలేదు, ఆర్డరూ రాలేదు. అయితే ఒకటి మాత్రం జరిగింది. కాగితం పువ్వు అల్లినన్నాళ్ళు ధర చెప్పేది కొనేవాడు. తమ ముగ్గు అల్లినప్పటినుంచి ధర దగ్గర వీళ్ళు బేరానికి దిగుతున్నారు. ఇన్ని రోజులు ఆలోచించాను, ఇన్నిసార్లు విప్పాను, దానికి కూడా డబ్బివ్వు అంటున్నారు. ముక్కకు ఇంత అని కూలి కట్టేటప్పుడు సూది కదిలిన సేపే లెక్కకు వచ్చేది. నమూనా చేసిన మూడు రోజులు ఎవరి లెక్కలోనూ ఉండేవి కావు. మన సంస్థల లెక్కల్లో కూడా ఉండేవి కావని ఒప్పుకోవాలి. ఇప్పుడు నమూనా చేసినవాళ్ళకు వేరుగా మూడు రోజుల కూలి, ఆ నమూనా మీద అమ్ముడైన ప్రతి తోరణానికీ కొంత అని రాసుకున్నాం. వస్తువు వెనక చీటీ మీద సంఘం పేరుతో పాటు, ఇష్టమున్నవాళ్ళ పేరు కూడా ఉంటుంది. ఇద్దరు వద్దన్నారు, ఇంట్లో మగవాళ్ళు ఊరుకోరట.

పోయిన సమావేశంలో తగాదా నల్లదారం మీద వచ్చింది. తోటివేషం నలుపు బాగా అమ్ముతోంది కాబట్టి అది ఎక్కువ చేయాలని కొందరు. నల్లదారంలో కన్ను కనబడదు, ఒక గడి తప్పితే వెతుక్కోవడానికే అరగంట, రాత్రిపూట అల్లితే మరుసటి రోజు తలనొప్పి, కాబట్టి నలుపుకు కూలి ఎక్కువ ఉండాలని ఇంకొందరు. పువ్వు పేరు అడిగిన ఆమె ఈ రెండో వైపు గట్టిగా నిలబడింది. కళ్ళద్దాలు ఎవరు కొనిపెట్టాలి అన్నది దాని వెనకే వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.